గోరు దూరే సందు

గ్రాండ్ జంక్షన్, కొలరాడో
సెప్టెంబరు 21

మేనల్లుడికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఎడమ బూటు బొటనవేలి పక్కన రబ్బరు పట్టీ తోలును వదిలేసి రెండంగుళాల మేర లేచింది. ఇంకో ఫొటోలో మడమ దగ్గర సోలు కూడా పెదవి విప్పుతోంది. కొని 11 నెలలు, తొడిగింది గట్టిగా 30 రోజులు కూడా లేదంటున్నావు. సూపర్ గ్లూ పోసి నొక్కెయ్యనా, షాపుకెళ్ళి గొడవ పెట్టుకోనా అని అడిగావు. రెండూ వద్దురా. మొదటిదైతే అసలే వద్దు.

ఎల్క్ వేటకు మొదటి రైఫిల్ సీజన్ అక్టోబరు మధ్యలో కదా. ఇంకా మూడు వారాలకు పైగా ఉంది. ఈ ఉత్తరం తాపీగా చదువు.

మన ఊళ్ళో తాత తోలు పని చెయ్యడం నువ్వు చూడలేదు. నీకు ఊహ తెలిసేసరికే లంద మూతపడింది. ఎవరైనా చెప్పు తెగిందని తెస్తే తాత ముందు ఆరె అందుకునేవాడు కాదు. తెగినచోట బొటనవేలితో రుద్దేవాడు, వాసన చూసేవాడు. "దాలి పక్కన ఆరబెట్టావుట్రా?" అని అడిగేవాడు. వచ్చినవాడు నీళ్ళు నమిలితే అప్పుడు నవ్వి కుట్టడం మొదలుపెట్టేవాడు. బాగుచెయ్యడానికి ముందు ఎందుకు పాడైందో తెలియాలి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆ ఒక్కటే. కుట్టు నాకు రాలేదు.

నువ్వు కూడా ముందు చూడు. పట్టీ లేచినచోట వేలితో కొంచెం తెరిచి టార్చి వెయ్యి. జిగురంతా తోలుకే అంటుకుని, రబ్బరు లోపలివైపు నున్నగా మెరుస్తోందనుకో, ఆ రబ్బరును అంటించే ముందు సరిగ్గా గరుకు చెయ్యలేదన్న మాట, లేదా అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు దానిమీదే ఉండిపోయింది. జిగురంతా రబ్బరుకే ఉండి తోలు పైపూత చెక్కుచెదరకుండా కనిపిస్తే, తోలును గీరకుండానే అంటించారు. ఈ రెండూ చేసినవాళ్ళ తప్పులు. జిగురుకు తోలు పీచులు అంటుకుని వచ్చాయా? అయితే జిగురు మంచిదే, తోలే ఎండి, బలం పోయి చిరిగింది. రెండువైపులా జిగురు బంకలా తీగలు సాగుతోందా? దానికి వేడి తగిలింది, లేదా నూనె ఎక్కింది. ఈ చివరి రెండిట్లో మన చెయ్యి ఉండే అవకాశం ఎక్కువ.

"వైబ్రమ్ సోలు కదా మావయ్యా, ఇలా ఊడుతుందా?" అని రాశావు. ఆ పసుపు గుర్తు చూసి అందరూ పొరబడతారు. 1935లో ఇటలీ కొండల్లో, సరైన బూట్లు లేకపోవడం కూడా ఒక కారణంగా, ఆరుగురు చనిపోయాక, విటాలే బ్రమాని అనే పర్వతారోహకుడు మంచు మీదా రాయి మీదా పట్టు దొరికే రబ్బరు సోలు గురించి ఆలోచించి, 1937లో దాన్ని తెచ్చాడు. ఆయన పేరులోంచే వైబ్రమ్ అన్న మాట పుట్టింది. నీ సోలు రబ్బరు వాళ్ళదే. దాన్ని తోలుకు అంటించింది మాత్రం బూటు కంపెనీ. పెళ్ళికూతురు మంచిదైనంత మాత్రాన పెళ్ళి సంబంధం మంచిదని చెప్పలేం కదా!

అసలు ఆ పట్టీ, ఇక్కడివాళ్ళు ర్యాండ్ అనేది, తోలూ సోలూ కలిసేచోటును రాళ్ళ నుంచి, ముళ్ళపొదల నుంచి కాపాడ్డానికి వేస్తారు. తోలు తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రబ్బరుకు ఆ గొడవ లేదు. ఇక వేళ్ళ మొదట్లో పాదం వంగేచోట బూటు రోజుకు కొన్ని వేలసార్లు వంగుతుంది. స్వభావం కలవని రెంటిని జిగురు ఒక్కటే పట్టుకుని ఉండాలి. అందుకే నీకు లేచింది సరిగ్గా అక్కడే. బావిలోంచి నీళ్ళు తోడే మోట రోజుల్లో ఇనప బానకూ తోలు తొండానికీ కలిసేచోటే ముందు కారేదని తాత అనేవాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మొదట్లో కొన్న ఖరీదైన జతకు నేను తాత వైద్యమే చేశాను. ఆయన తొండానికి ఆముదం పట్టించేవాడు కదా, నేను బూట్లకు సీజనుకు ముందు నీట్స్‌ఫుట్ నూనె కారేలా పట్టించాను. ఆ ఏడు ఫ్లాట్ టాప్స్ కొండల్లో మూడో రోజు వాన, వెనకాలే మంచు. రాత్రి డేరాలో కట్టెల పొయ్యికి జానెడు దూరంలో బూట్లు పెట్టి పడుకున్నాను. పొద్దున్నకి చక్కగా ఎండాయి. ఆ మధ్యాహ్నమే ఎల్క్ పడింది. తొడ భాగం ఒకటి వీపున కట్టుకుంటే 60 పౌండ్ల పైనే. మైలు నడిచేసరికి కుడి బూటు మొసలి నోరులా తెరుచుకుంది. నాతో వచ్చిన ముసలి వేటగాడు ఏమీ అనకుండా తన చేతికర్రకు చుట్టుకున్న డక్ట్ టేపు విప్పి చుట్టాడు, పైన మూడు జిప్ టైలు బిగించాడు. ట్రక్కు ఇంకా నాలుగు మైళ్ళు. మిగిలిన మాంసానికి నేను మళ్ళీ కొండెక్కలేకపోయాను, ఆయనే రెండుసార్లు తిరిగాడు.

ఇంటికొచ్చి కంపెనీని తిట్టుకుంటూ బూటు తెరిచి చూశాను. జిగురు బంకలా సాగింది. తాత ఉంటే వాసన చూసి నవ్వేవాడు. ఆయన తోలును దారం పట్టుకునేది. దారానికి నూనె మేలే చేసింది. నా బూటును పట్టుకున్నది జిగురు. నూనె తోలులోంచి దిగి ఆ జిగురును మెత్తబరిచింది, మిగతా పని పొయ్యి పూర్తిచేసింది. తాత మాట తప్పు కాదు, ఎక్కడ వాడాలో చూసుకోని నాదే తప్పు.

ఇక నీ పని. జిగురు ముట్టుకోకముందే కంపెనీకి రాయి. చాలా కంపెనీలు ఇచ్చే వారంటీ ఏడాదే, నీకు మిగిలింది నెల. మట్టంతా కడిగి, నీడలో ఆరబెట్టి, నాలుగువైపులా, విడినచోట దగ్గరగా ఫొటోలు తియ్యి. నాలిక లోపలి చీటీ మీదున్న నంబరు, కొన్న రసీదు జతచెయ్యి. ఎన్ని రోజులు తొడిగావో, ఎక్కడ నడిచావో, ఎలా ఆరబెట్టావో ఉన్నదున్నట్టు రాయి. రోజూ బూట్లు విప్పి చూసేవాళ్ళకు కాలిన తోలు ఏదో ఇట్టే తెలుస్తుంది. కోపం రాయకు, కొలతలు రాయి. నువ్వు ముందే జిగురు పోసి ఉంటే వాళ్ళకు కాదనడానికి అదొక్కటి చాలు.

వాళ్ళు కాదంటే పట్టీ వరకు మనమే అంటించుకోవచ్చు. మడమ దగ్గరిది మాత్రం బూట్లు బాగుచేసేవాడికే ఇవ్వు. సోలును సమంగా అదిమిపట్టే ప్రెస్సు మన గరాజులో లేదు. పట్టీకైతే బూటు రెండు రోజులు గదిలో పూర్తిగా ఆరాలి. పాత జిగురు గీకెయ్యి. 80 నంబరు గరుకు కాగితంతో రెండువైపులా మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. బార్జ్ లాంటి కాంటాక్ట్ సిమెంటు రెండువైపులా పలచగా రాసి, 15, 20 నిమిషాలు ఆగు. తోలు మొదటి పూత తాగేస్తుంది, దానికి ఇంకో పూత వెయ్యి. వేలికి తడిగా అంటుకోకుండా ఉన్నప్పుడు కలుపు. ఒకసారి తాకిందంటే ఇక జరగదు, కాబట్టి ముందే గురి చూసుకో. పాత సైకిల్ ట్యూబు చీరి బిగించి చుట్టి ఒక రోజంతా వదిలెయ్యి. గరాజు తలుపు తీసే ఉంచు, ఆ వాసన తలకెక్కుతుంది. సూపర్ గ్లూ ఎందుకు వద్దన్నానంటే, అది గాజులా గట్టిపడుతుంది, వంగేచోట పెళుసై పగులుతుంది. తరవాత బాగుచేసేవాడు ఆ పెచ్చులు గీకలేక మనల్నే తిట్టుకుంటాడు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది నీ ఉత్తరం చివరి వాక్యం. బూట్లు తిరిగొచ్చేదాకా ఆఫీసు స్నేహితుడు ఎనిమిదేళ్ళుగా గరాజులో దాచిన "కొత్త" జత వేసుకుంటానన్నావు. చాలా బూట్లలో తోలుకూ కింది రబ్బరుకూ మధ్య పాలియురేథేన్ నురుగు ఉంటుంది. గాల్లో తేమ దాని రసాయన బంధాలను ఏళ్ళ తరబడి తుంచుతూనే ఉంటుంది, ఎవరూ తొడగకపోయినా సరే. పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి, ఎక్కిన మొదటి రోజే సోలు బిస్కెట్టులా పొడైపోతుంది. ఆ జత మధ్యపొరను బొటనవేలితో గట్టిగా నొక్కు. చీలికలు కనిపించినా, పొడి రాలినా పక్కన పెట్టెయ్యి. కనిపించకపోయినా ఇంటి దగ్గర పది మైళ్ళు నడవకుండా 10,000 అడుగుల కొండకు తీసుకెళ్ళకు.

ఇకముందు నాలుగు అలవాట్లు చేసుకో. కొండ దిగిన రోజే మట్టి కడుగు, ఎండిన మట్టి తోలులో తేమను లాగేస్తుంది. లోపలి అట్టలు తీసి, పాత కాగితాలు కుక్కి, గది గాలికి వదులు. పొయ్యి, ట్రక్కు హీటరు, ఎండలో నిలిపిన కారు డిక్కీ, మూడూ జిగురుకు శత్రువులే. అరచెయ్యి హాయిగా ఉంచలేని వేడిలో బూటునూ ఉంచకు. తోలుకు మైనం కలిసిన క్రీము పలచగా చాలు. సంచిలో టేపు, నాలుగు జిప్ టైలు పెట్టుకో. వాటి బరువు నీకు తెలియదు, లేనిరోజు తెలుస్తుంది.

ఐదోది అలవాటు కాదు, పూజ అనుకో. ప్రతి ఆదివారం పట్టీ అంచు వెంట గోరు నడిపించు. గోరు ఎక్కడ దూరిందో అక్కడ సుద్దతో గీటు పెట్టు. సోలు ఒక్కరోజులో ఊడదురా. గోరంత సందులోకి ముందు నీళ్ళు, వాటి వెనక ఇసుక దూరతాయి. అడుగేసిన ప్రతిసారీ ఆ ఇసుక ఆకురాయిలా జిగురును కొరుకుతుంది. నీ రెండంగుళాలు మొదట్లో గోరంతే. ఆనాడు చూసుంటే చుక్క జిగురుతో పోయేది, లేదా కంపెనీకి ఆరు నెలల ముందే రాసేవాడివి.

మీ అమ్మ మొన్న ఫోనులో, "మన దేశంలో ఎప్పుడో వేట మాన్పించారు, వీడికి అక్కడికెళ్ళి ఇదేం బుద్ధి" అంది. లైసెన్సు, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, నారింజ చొక్కా అన్నీ ఉన్నాయని, పడిన జంతువు మాంసం కొండమీద వదిలెయ్యడం ఇక్కడ నేరమని చెప్పాను. అది నిజం కూడా. అందుకే బూటు గురించి ఇంత రాశాను. కాలు నిలవనివాడు మాంసం మొయ్యలేడు, మొయ్యలేనివాడికి తుపాకీ ఎత్తే హక్కు లేదు. ఆనాడు ఆ ముసలాయన నా బదులు రెండుసార్లు కొండెక్కడం నేను ఇంకా మర్చిపోలేదు.

డెన్వర్ నుంచి నాలుగు గంటల దారి. ఈ ఆదివారం రెండు జతలూ పట్టుకుని రా. మీ అత్త పులుసు పెడతానంది. గోళ్ళు మాత్రం కత్తిరించుకోకుండా రా.

ఆశీస్సులతో,
మీ మావయ్య