లోలకం ఊపు ఎలా తగ్గుతుంది?

ప్రశ్న: ఇంటర్ ప్రాజెక్టుకు అవరుద్ధ డోలనాలు (క్రమంగా తగ్గిపోయే ఊపులు) ఎంచుకున్నాను. ఇంట్లో ఎలా చేయాలి?
– ఒక విద్యార్థిని, అఫ్జల్‌గంజ్

జవాబు: ఖరీదైన సామాను అక్కర్లేదు. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు ఒకటి మీ పక్కనే బేగంబజార్‌లో కొనుక్కోండి. సాగని దారంతో తలుపు చట్రానికి వేలాడదీయండి. పైముడి నుంచి గుండు మధ్య వరకు 1 మీటరు ఉంటే, ఒక పూర్తి ఊపుకు దాదాపు 2 సెకన్లు పడుతుంది. పైముడి కదిలితే శక్తి అక్కడే పోతుంది, గట్టిగా బిగించండి.

వెనక స్కేలు పెట్టి, ఫ్యాను ఆపి, గుండును 10 సెంటీమీటర్లు పక్కకు లాగి, తొయ్యకుండా వదలండి. ఫోన్‌ను స్కేలుకు ఎదురుగా నిలబెట్టి వీడియో తీయండి. ప్రతి 20 ఊపులకు ఎంత దూరం వెళ్తోందో రాసుకోండి. తర్వాత గుండుకు పోస్టుకార్డంత అట్టముక్కను, ఊగే దిశకు అడ్డంగా అంటించి మళ్లీ చేయండి.

ఆ దూరాల లాగరిథమ్‌కు, కాలానికి గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తే నిరోధం వేగానికి అనుపాతంలో ఉన్నట్టు. అట్టతో చేసినప్పటి గీత వంగితే కంగారుపడి దిద్దకండి. అక్కడ గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతోంది. ఊపు తగ్గినా ఆవర్తన కాలం, అంటే ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం, మాత్రం దాదాపు మారదు. అదీ కొలిచి చూపించండి.

ఆ వంగిన గీతే మీ ప్రాజెక్టులో అసలు విషయం.