ఇంజనుకు బరువే బలం

కాజీపేట

చిరంజీవి బుజ్జికి పెద్దబాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం సోమవారం అందింది. అంతకుముందే మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు బాధపడింది. పూణే హాస్టల్లో నువ్వు రాత్రి రెండింటి దాకా లెగో ఇటుకలు ముందేసుకుని కూర్చుంటున్నావనీ, చేతి ఖర్చుకు పంపిన డబ్బంతా మోటార్లకే పోతోందనీ ఆమె గోల. పిల్ల చెడు తిరుగుళ్లేం తిరగట్లేదు, రైలింజను కడుతోంది, మా వంశంలో అది తప్పెట్లా అవుతుందమ్మా అని సర్దిచెప్పాను. మీ బాపు మాత్రం ఫోన్ అందుకోలేదు. వాడి సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

కానీ నీ ఉత్తరం చదివాక నాకూ నిద్ర పట్టలేదు. "పెద్దబాపూ, చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలట్లేదు, అందుకే 300 ఆర్పీఎం మోటారు తీసేసి 1000 ఆర్పీఎం మోటారు పెడతాను" అని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వద్దు బిడ్డా. చక్రం తిరుగుతోందంటే నీ మోటారుకు చాలినంత బలం ఉందనే అర్థం. లేనిది చక్రానికీ పట్టాకూ మధ్య పట్టు. పట్టు బరువు నుంచి వస్తుంది. ఈ ఒక్క సంగతి నీకు ఒంటబట్టేదాకా ఈ ఉత్తరం ముగించను.

నువ్వు చేసినదంతా బాగుంది, అది ముందు చెప్పాలి. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను ఎంచుకున్నావు, నా మనసు తెలిసిన పిల్లవు. దాని ముక్కు సన్నం, రెండు పక్కలా మనిషి నడిచే దారి. ఆరు లెగో బొడిపెల వెడల్పున్న నీ ఇంజనులో ఆ ముక్కు నాలుగు బొడిపెలే వస్తుంది, గోడలు పోగా లోపల మిగిలేది రెండు బొడిపెలు, అంటే 16 మిల్లీమీటర్లు. లెగో వాళ్ళ సెల్స్ పెట్టె అందులో పట్టదు కాబట్టి దాన్ని తీసేసి, 12 మిల్లీమీటర్ల వెడల్పుండే ఎన్20 గేరు మోటారును ఒక బోగీ మీద, అంటే ఇంజను కింది చక్రాల చట్రం మీద అమర్చి, ముక్కులో చిన్న లిథియం సెల్ దాచావు. ఆ తెలివికి మెచ్చుకుంటున్నాను. కానీ ఆ పెట్టెతో పాటు ఏం పోయిందో చూసుకోలేదు. దాంట్లో ఆరు ట్రిపుల్-ఎ సెల్స్ ఉండేవి. ఒక్కోటి 11, 12 గ్రాములు ఉంటుంది. సుమారు 70 గ్రాముల బరువు చక్రాల మీంచి దించేసి, దాని చోట 10 గ్రాముల సెల్ పెట్టావు. ఆ 60 గ్రాములు పోయిన రోజు నుంచే నీ బండి జారుతోంది.

లెగో రైళ్ల చరిత్ర అని నువ్వు పంపిన పుస్తకం మొన్న మళ్ళీ తిరగేశాను. 1966లో మొదటి బండికి 4.5 వోల్టుల సెల్స్ పెట్టె బండిలోనే ఉండేది. తర్వాత 12 వోల్టులు, 1991 నుంచి 9 వోల్టులు పట్టాల్లోంచే ఇచ్చారు. 2006లో మళ్ళీ సెల్స్ బండిలోకే ఎక్కాయి. చదివేవాళ్ళు సెల్స్ బరువును భారం అనుకుంటారు. ఇంజన్ల షెడ్డులో పనిచేసిన నాలాంటివాడికి అది వరంలా కనిపిస్తుంది. మోస్తున్న సెల్సే చక్రాన్ని పట్టాకు అదిమిపెడతాయి.

నేను ఆ షెడ్డులో అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో నాకు ఇంజను ముట్టుకునే పని ఇవ్వలేదు. ఇసక పని ఇచ్చారు. స్టీము ఇంజను వీపు మీద ఇసక డబ్బా ఉంటుంది, అక్కణ్నుంచి గొట్టాలు చక్రాల ముందుకు దిగుతాయి. చక్రం జారితే డ్రైవర్ ఇసక వదులుతాడు, ఇసక పట్టా మీద పడి పట్టు ఇస్తుంది. ఆ ఇసకను జల్లించి, పొయ్యి మీద వేయించి, పొడిపొడిగా చేసి డబ్బాలో పోయడమే నా పని. మా ఉస్తాద్ గుప్పెడు ఇసక తీసుకుని వేళ్ల సందుల్లోంచి వదిలేవాడు. ఒక్క రేణువు అరచేతికి అంటుకున్నా మొత్తం మళ్ళీ వేయించమనేవాడు. తడి ఇసక గొట్టంలో ముద్దకడితే వానరోజున గూడ్సు బండి ఎత్తు మీద నిలబడిపోతుంది, వెనక బళ్ళన్నీ ఆగుతాయి. జూలైలో ఆ పొయ్యి దగ్గర నిలబడితే ఒళ్లంతా చెమట, బయట వాన. మీ నానమ్మ పంపిన జొన్నరొట్టె ఆ వేడి మీదే కాచుకుని తినేవాళ్ళం. అంత రుచి మళ్ళీ నాకు దొరకలేదు. అన్నట్టు, అక్కడ హాస్టల్లో జొన్నరొట్టె పెడతారని విన్నాను. పెడితే తిను, వదలకు.

మా కాజీపేటలో అప్పుడు డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఇంజన్లు రెండూ ఉండేవి. డబ్ల్యూపీ ప్యాసింజరు బళ్ళది, మొత్తం ఆరు లాగే చక్రాలు, ఒక్కోటి మనిషి ఎత్తు. డబ్ల్యూజీ గూడ్సు బళ్ళది, చిన్న చక్రాలు, కానీ లాగేవి ఎనిమిది. డబ్ల్యూపీ వేగం చూసి మా జట్టు కుర్రాళ్ళందరూ దాని వెనకే పడేవాళ్ళు. నాకు డబ్ల్యూజీ అంటేనే ప్రేమ. అది ఊరికే పరుగెత్తదు, బొగ్గు వ్యాగన్ల వరస మొత్తాన్ని నిలబడ్డ చోటు నుంచి కదిలిస్తుంది. లాగే చక్రాలు ఎక్కువైతే ఇంజను బరువులో ఎక్కువ భాగం వాటి మీద పడుతుంది. వేగం కావాలంటే పెద్ద చక్రం, లాగుడు కావాలంటే బరువు మోసే చక్రాలు ఎక్కువ. నీ ఇంజనును ముందు డబ్ల్యూజీలా ఆలోచించి కట్టు, రూపం డీజిలుదే ఉండనీ.

డీజిల్ షెడ్డుకు మారాక ఇదే పాఠం ఇంకోలా నేర్చుకున్నాను. డబ్ల్యూడీఎం-2కి ఎనిమిది నాచ్‌లు, అంటే బలం పెంచే మెట్లు. బయల్దేరేటప్పుడు చక్రం జారిందని క్యాబులో సూచన వస్తే డ్రైవర్ ఏం చేస్తాడు? నాచ్ పెంచడు, తగ్గిస్తాడు. బలం తగ్గిస్తే చక్రం మళ్ళీ పట్టాను పట్టుకుంటుంది, బండి కదులుతుంది. పట్టువదలకుండా నాచ్ పెంచినవాడి చక్రం ఉన్నచోటే తిరిగి పట్టా మీద గుంట పడుతుంది. ఆ గుంట మీదుగా ప్రతి బండీ దబ్‌మంటూ పోతుంది. పొడి పట్టా మీద ఉక్కుకు ఉక్కు ఇచ్చే పట్టు బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. తడిసి, నూనె జిడ్డు చేరితే పదో వంతుకు పడిపోతుంది. ఎంత పెద్ద మోటారు తెచ్చినా ఆ హద్దు దాటదు.

ఇప్పుడు నీ లెక్కకు వస్తాను. ఇంజను 190 గ్రాములన్నావు, ఒక్కో కోచ్ 210 గ్రాములు, అలాంటివి నాలుగు. మోటారున్నది ఒక్క బోగీకే. అంటే దాని మీద పడేది సగం, 95 గ్రాములు. చక్రాలకున్న రబ్బరు వలయాల పట్టు నూటికి ముప్పై అనుకుంటే నీకు దొరికే లాగుడు 28 గ్రాములు. కోచ్‌లు నాలుగూ కలిపి 840 గ్రాములు. వాటిని కదిలించడానికి బరువులో నూటికి నాలుగు వంతులు కావాలనుకుంటే 34 గ్రాములు. 28తో 34 ఎలా లాగుతుంది తల్లీ? 1000 ఆర్పీఎం మోటారు పెట్టినా ఆ 28 అలాగే ఉంటుంది. పైగా ఆ రకం మోటార్లలో ఆర్పీఎం పెరిగేకొద్దీ తిప్పే బలం తగ్గుతుంది.

హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి 13 నంబరు పానా పట్టే నట్లు, అంటే ఎం8 నట్లు ఒక డజను తెచ్చుకో. ఒక్కోటి 5 గ్రాములు పైచిలుకు, 16 మిల్లీమీటర్ల సందులో చక్కగా పడుకుంటాయి. మోటారున్న బోగీకి సరిగ్గా పైన, వీలైనంత కిందకు అమర్చు. పైకి పెడితే మలుపులో ఇంజను ఒరిగిపోతుంది. అప్పుడు ఆ బోగీ మీద బరువు 155 గ్రాములు, లాగుడు 46 గ్రాములు. బండి కదులుతుంది. నట్లు ఆడకుండా కాగితం మడతపెట్టి బిగించు. సీసం ముక్కలు మాత్రం చేత్తో పట్టకు, అది ఒంటికి మంచిది కాదు.

నేను అనుకున్న అంకెలను నమ్మి కూర్చోకు, కొలిచి చూసుకో. మీటరు పొడవు పలక మీద పట్టా బిగించి, దానిమీద కోచ్ పెట్టి ఒక చివర మెల్లగా ఎత్తు. 4 సెంటీమీటర్లు ఎత్తేసరికి కోచ్ తనంతట తాను దొర్లితే, దాని రాపిడి నూటికి నాలుగు. ఆరు దాకా కదలకపోతే ఇరుసుకు వెంట్రుకలో, దూదో చుట్టుకుని ఉంటుంది, చక్రాలు తీసి తుడువు. మోటారు బోగీని విడిగా తీసి, చక్రాలు తిరగకుండా దారంతో కట్టి, అదే పలక మీద పెట్టి ఎత్తు. ఏ ఎత్తులో జారితే దాదాపు అదే నీ పట్టు. రబ్బరు వలయాలను తడిగుడ్డతో తుడిచి మళ్ళీ కొలువు, తేడా నీకే తెలుస్తుంది. దుమ్ము పట్టిన రబ్బరు మాకు వానలో తడిసిన పట్టాతో సమానం.

వేగం కూడా 300 ఆర్పీఎం దగ్గరే ఉండనీ. నీ ఆరు బొడిపెల వెడల్పు 48 మిల్లీమీటర్లు. మన కోచ్ వెడల్పు సుమారు 3.25 మీటర్లు, అంటే నీది అసలు బండిలో 68వ వంతు. డీజిల్ ఇంజను చక్రం 1,092 మిల్లీమీటర్లు, నీ కొలతలో 16. నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకు 25 సెంటీమీటర్లు పోతుంది. 68తో గుణించి చూడు, గంటకు 60 కిలోమీటర్లు. ప్యాసింజరు బండికి అంతకంటే ఏం కావాలి? 1000 ఆర్పీఎం పెడితే గంటకు 200 పైన. మన డబ్ల్యూడీఎం-2 పరిమితి 120. ఆ ఇంజనును అంత వేగంతో ఉరికిస్తే నేను చూడలేను.

మలుపుల సంగతి కూడా చెప్పాలి, క్లుప్తంగా చెబుతాను. లెగో వంపు పట్టా వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే గట్టి మలుపు 175 మీటర్లు, అంటే నీ కొలతలో 2.57 మీటర్లు. నీ మలుపు దానికంటే ఎనిమిది రెట్లు బిగువు. ఐసీఎఫ్ కోచ్‌ను అసలు కొలతకే కట్టి, బోగీల మధ్య 217 మిల్లీమీటర్లు ఉంచితే, మలుపులో కోచ్ నడుము 19 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. చక్రాలు పట్టాను ఒరుసుకుంటాయి, రాపిడి పెరుగుతుంది. పొడవు తగ్గించుకో. కిటికీ వరసలో ఒకటి రెండు తగ్గితే ఎవరూ నిన్ను తప్పుపట్టరు.

ఇంకా మోటారు కొనాలనే మనసుంటే, పెద్దది కొనకు, అదే రకం ఇంకోటి కొని రెండో బోగీకి పెట్టు. అప్పుడు ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది, నట్లను రెండు వైపులా సమంగా పంచుకోవచ్చు. నువ్వున్న ఊరి పక్కనే దీనికి పెద్ద బడి ఉంది. కర్జత్ నుంచి లోనావాలా ఎక్కే భోర్ ఘాట్‌లో 37 అడుగులకు ఒక అడుగు ఎత్తు. పూణే వైపు వచ్చే బళ్ళకు కర్జత్‌లో వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఇంజన్లు తగిలిస్తారు. 2023లో మొదలైన ముంబై - సోలాపూర్ వందే భారత్ అదే ఘాట్‌ను బ్యాంకర్ లేకుండా ఎక్కుతోంది. దాని కోచ్‌లలో సగానికి మోటార్లున్నాయి. అక్కడ ప్రయాణికుల బరువు కూడా లాగే చక్రాలకు పట్టు ఇస్తోంది. ఒక ఆదివారం స్నేహితురాళ్లతో కర్జత్ వెళ్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసిరా. టిక్కెట్టు డబ్బు నేను పంపుతాను, మీ అమ్మకు చెప్పకు.

ఇక లిథియం సెల్ మాట. దాన్ని మంచం మీద చార్జింగ్ పెట్టి పడుకుంటున్నావని మీ అమ్మ ఎవరి ద్వారానో విన్నది. నిజమో అబద్ధమో నేను అడగను. ఇకమీదట మేలుకుని ఉన్నప్పుడే, గచ్చు మీద, స్టీలు పళ్ళెంలో పెట్టి చార్జ్ చెయ్యి. దానికి తగిన చార్జరుతోనే పెట్టు, 4.2 వోల్టులు దాటనివ్వకు. 3 వోల్టుల కిందికి దిగనివ్వకు. ఏమాత్రం ఉబ్బినా మళ్ళీ వాడకు, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్. రైల్వేలో ఇన్నేళ్లు బతికి బయటపడ్డవాణ్ణి, నీకు నిప్పు తగిలిందన్న మాట వినే ఓపిక నాకు లేదు తల్లీ.

దగ్గు తగ్గిందా? పెద్దమ్మ నీకని కారప్పూస చేసింది, ఈ వారం పార్సిల్లో వస్తుంది. రాత్రి పదకొండు దాటాక ఇటుకలు డబ్బాలో పెట్టెయ్. కళ్ళు అలిసిపోయి కట్టిన బోగీ ఎప్పుడూ వంకరే ఉంటుంది, పొద్దున మళ్ళీ విప్పాలి. మీ బాపు సంగతి నాకు వదిలెయ్. బండి నాలుగు కోచ్‌లు లాగిన రోజు వాడికి నేనే చెబుతాను, సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు వాడి ముందే నడిపిద్దాం.

కొత్త మోటారుకు ఆర్డర్ పెట్టి ఉంటే రేపే రద్దు చెయ్యి. ముందు ఇంజనును కిరాణా షాపు కాటా మీద పెట్టి తూచు. నట్లు వేసి మళ్ళీ తూచు. ఎన్ని గ్రాములకు ఎన్ని కోచ్‌లు లాగిందో రాసి పంపు. ఆ అంకెల కోసం ఎదురుచూస్తుంటాను.

నీ
పెద్దబాపు