టీకా వేయించినా సరిపోని వాళ్లు

క్యాన్సర్ రోగులకు సాయం చేసే మన దాతలు మమ్మల్ని తరచూ అడిగేది ఒకటి: “కీమో నడుస్తుండగా టీకా వేయించవచ్చా, వేయిస్తే పనిచేస్తుందా?” ఇవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి, డాక్టరును అడిగి చాలా టీకాలు వేయించవచ్చు. రెండోదే చిక్కు.

టీకా అంటే శరీరానికి తర్ఫీదు. నేర్చుకునేవి తెల్లరక్తకణాల్లోని బి కణాలు, టి కణాలు. బి కణాల వల్లే యాంటీబాడీలు తయారవుతాయి. కీమో మందు వేగంగా పెరిగే కణాలను చంపుతుంది. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జ కూడా దెబ్బతింటుంది. ఇక పాఠం చెప్పినా వినే పిల్లలు లేని బడే.

అయితే అందరికీ ఒకేలా ఉండదు. రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ మాత్రలు మాత్రమే వాడే వారికి టీకా ఇంచుమించు మామూలుగానే పనిచేస్తుంది. గడ్డ క్యాన్సర్లకు కీమో తీసుకునేవారిలో ఎక్కువమందికి యాంటీబాడీలు వస్తాయి, కాకపోతే తక్కువగా. రక్త క్యాన్సర్లలోనే కష్టం. లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్ మందు బి కణాలనే తుడిచేస్తుంది. ఆ తర్వాత దాదాపు ఆరు నెలల దాకా వేసిన టీకాకు యాంటీబాడీలు సరిగా రావు. 2021 మార్చి 1న మన దేశంలో 45 ఏళ్లు దాటిన దీర్ఘరోగులకు కోవిడ్ టీకా మొదలైనప్పుడు క్యాన్సర్ రోగులూ ఆ జాబితాలో ఉన్నారు. తర్వాత పలు దేశాల్లో యాంటీబాడీలు కొలిచి చూస్తే ఈ తేడాయే తేలింది.

వీలైతే కీమోకు రెండు వారాల ముందే టీకా పడాలి. అలాగని టీకా కోసం చికిత్స వాయిదా వేయకూడదు.

హజ్‌కు వెళ్లేవారికి ఒక మాట. యాత్రికులకు మెనింజైటిస్ టీకాతోపాటు పోలియో చుక్కలూ వేస్తారు. మొదటిదానిలో సజీవ క్రిమి లేదు. చుక్కల్లో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. చికిత్సలో ఉన్నవారు, ఈమధ్యే ముగించినవారు శిబిరంలో వరుస కట్టకముందే తమ క్యాన్సర్ డాక్టరును అడగాలి. తట్టు, ఆటలమ్మ టీకాలకూ ఇదే జాగ్రత్త.

రోగి ఒంట్లో టీకా సరిగా పట్టనప్పుడు ఇంట్లోవాళ్లే అడ్డుగోడ. భార్యకో కొడుక్కో ఏటా ఫ్లూ టీకా వేయిస్తే జబ్బు గడప దాటి వచ్చే అవకాశం తగ్గుతుంది. వైరా నుంచి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి బస్సులో రోగి వెంట కూర్చునేది వాళ్లే కదా. మందులకు, చార్జీలకు ఇచ్చాం గానీ ఈ సంగతి ఇన్నాళ్లూ మాకు తట్టలేదు.

అందుకే సాయం కోరే దరఖాస్తులో ఇప్పుడు రెండు గళ్లు చేర్చాం: చివరి కీమో తేదీ, ఇంట్లో ఫ్లూ టీకా వేయించుకున్నవారి సంఖ్య.