వెండితెరపై యౌవనము : జంషెడ్పూరు చిత్రములు నేర్పు పాఠములు

మానవజీవితమున కౌమారము మిక్కిలి సున్నితమైన దశ. 10 మొదలు 19 సంవత్సరముల వరకు గల వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారముగా పరిగణించుచున్నది. ఈ వయస్సున శరీరము పెరుగుటయే గాక మనస్సు ఇతరులవైపు తెరచుకొనును. తల్లిదండ్రుల మాటకన్న స్నేహితుల మాట రుచించును. స్నేహమనగా నేమి, ప్రేమ యనగా నేమి, తన హద్దు ఎచ్చట, ఎదుటివారి హద్దు ఎచ్చట అను ప్రశ్నలు పుట్టును. ఈ ప్రశ్నలకు ఇంట సమాధానము దొరకని పిల్లలు దానిని వెండితెరపై వెదకుకొందురు.

ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదు. శరీరమునకు, మనస్సునకు, సంఘజీవనమునకు గల సంపూర్ణ స్వస్థతయే ఆరోగ్యము. కావున చలనచిత్రములు యువతీయువకుల సంబంధములను ఏ విధముగా చూపుచున్నవో తెలిసికొనుట ఆరోగ్యవిద్యలో ఒక భాగమే. సినిమాను నిందించుట ఈ పాఠముయొక్క ఉద్దేశము కాదు. చూచినదానిని విచారించుట యెట్లో తెలుపుటయే ఉద్దేశము.

ఉక్కు నగరము – వెండితెర

సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమమున వెలసిన జంషెడ్పూరు నేడు జార్ఖండు రాష్ట్రమున కలదు. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడెను. 1912లో సాక్చీ యను గ్రామమున తొలి ఉక్కు పోతపోయబడెను. 1919లో ఆ స్థలమునకు జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్పూరు అను నామము కలిగెను. పనిని వెదకుకొనుచు దేశము నలుమూలలనుండి వచ్చినవారిలో తెలుగువారును కలరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి, తరతరములుగా స్థిరపడిన కుటుంబములు అనేకము. వారి పిల్లలకు ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ. వారు రెండు భాషల చిత్రములను చూచెదరు, రెండింటినుండియు నేర్చుకొనెదరు.

ఈ నగరమునకు సినిమాతో దగ్గరి సంబంధము కలదు. ‘జబ్ వీ మెట్’ (2007), ‘హైవే’ (2014) మొదలగు చిత్రముల దర్శకుడు ఇంతియాజ్ అలీ ఇచ్చట జన్మించినవాడే. యౌవనమును గూర్చిన రెండు ప్రసిద్ధ హిందీ చిత్రముల కథలు జంషెడ్పూరులోనే జరుగును. ఒకటి విక్రమాదిత్య మోత్వానే దర్శకత్వమున 2010లో వచ్చిన ‘ఉడాన్’. రెండవది ముకేశ్ ఛాబ్రా దర్శకత్వమున 2020 జూలై 24వ తేదీన విడుదలయైన ‘దిల్ బేచారా’. ఆరోగ్యదృష్టితో ఈ రెండింటిని పరిశీలింతము.

‘ఉడాన్’ : అన్నదమ్ముల కథ

సిమ్లాలోని వసతి పాఠశాలనుండి బహిష్కృతుడైన రోహన్ అను బాలుడు ఏండ్ల తరువాత జంషెడ్పూరులోని తండ్రి యింటికి వచ్చును. తండ్రి తనను ‘సార్’ అని పిలువుమనును. కవిత్వము వ్రాయగోరిన కుమారుని కర్మాగారమున పనిచేయుమని, ఇంజనీరింగు చదువుమని శాసించును. ఆ యింటిలో అర్జున్ అను ఆరేండ్ల సవతి తమ్ముడుండును. రోహన్‌కు వాడు మొదట అపరిచితుడు; క్రమముగా ప్రాణసమానుడగును.

కథలో కీలకమైన ఘట్టము ఆసుపత్రిలో జరుగును. తండ్రి దెబ్బలకు గాయపడిన అర్జున్ మంచమునపడి యుండగా, అన్న వాని ప్రక్కన కూర్చుండి కథలు చెప్పును. చుట్టుప్రక్కల రోగులును వానిని వినుటకు గుమికూడుదురు. యువపాత్రల మధ్య స్నేహమనగా నాయికానాయకుల ప్రేమ యొక్కటియే కాదనియు, ఒక బాలుడు మరియొక బాలుని కాపాడుటయు గొప్ప సంబంధమే యనియు ఈ చిత్రము చూపినది.

ఇచ్చట నేర్వవలసిన ఆరోగ్యసత్యములు రెండు కలవు. మొదటిది : దెబ్బ శరీరముపై మానినను మనస్సులో మానదు. తరచుగా దెబ్బలు తిను పిల్లలలో నిద్రలేమి, పక్క తడుపుట, ఉలికిపాటు, చదువునందు వెనుకబాటు, తోటిపిల్లలపై క్రూరత్వము కనిపించును. పిల్లవానికి తగిలిన గాయమునకును, పెద్దలు చెప్పు కారణమునకును పొంతన కుదరనిచో వైద్యుడు అనుమానించి తీరవలెను. ఉపాధ్యాయుడును, పొరుగువారును అట్లే గమనింపవలెను. పిల్లలను సంరక్షించువారు వారియెడ క్రూరముగా ప్రవర్తించుట 2015 నాటి బాలన్యాయ చట్టముక్రింద శిక్షార్హమైన నేరము.

రెండవది : చిత్రాంతమున రోహన్ తమ్ముని వెంటబెట్టుకొని ఇల్లు విడిచిపోవును. తెరపై అది విడుదలగా తోచును. నిజజీవితమున చిన్నపిల్లవానితో దారిపట్టిన బాలునకు ఆకలి, దొంగలు, దుర్మార్గులు ఎదురగుదురు. ఇంట హింసకు గురియగు బాలురకు పారిపోవుటకన్న సురక్షితమైన మార్గము కలదు. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో, పగలైనను రాత్రియైనను బాలల సహాయ వ్యవస్థ వారు పలుకుదురు. ఈ సంఖ్య ప్రతి పిల్లవానికిని కంఠస్థమై యుండవలెను.

‘దిల్ బేచారా’ : రోగము – అనురాగము

కిజీ బసు అను జంషెడ్పూరు బాలికకు థైరాయిడు గ్రంథి క్యాన్సరు. ఎచ్చటికేగినను ప్రాణవాయువు సిలిండరు వెంట ఉండవలసినదే. మానీ అను యువకునకు ఎముక క్యాన్సరు సోకి కాలు తీసివేయబడినది. కృత్రిమ పాదముతో నవ్వుచు తిరుగును. వీరి పరిచయము, స్నేహము, ప్రేమ, వియోగము ఈ కథ. జాన్ గ్రీన్ రచించిన ఆంగ్ల నవల దీనికి మూలము. మానీ పాత్రధారి సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చిత్రము విడుదలకు పూర్వమే మరణించుటచే ఇది ప్రేక్షకులను మరింత కదలించినది.

మెచ్చదగిన అంశములు ఇందు కలవు. వ్యాధిగ్రస్తురాలైన బాలికకును స్నేహము, నవ్వు, ఆశ కావలెనని చిత్రము చాటినది. పారిస్ నగరమునకు ప్రయాణమైనప్పుడు తల్లి వెంట వెళ్లును. అనగా కుమార్తె అనురాగమును తల్లి యెరుగును. క్యాన్సరు అంటువ్యాధి కాదు. కలిసి కూర్చున్నను, భుజించినను, చేయి పట్టుకొన్నను అది సోకదు. అయినను చికిత్స పొందిన బాలికను ఆటలకు పిలువని స్నేహితురాండ్రు, పెండ్లి కాదని ఆ సంగతి దాచు పెద్దలు మన సంఘమున ఇంకను కలరు. వారికి ఈ చిత్రము మంచి పాఠము.

కాని సరిదిద్దుకొనవలసిన అభిప్రాయమొకటి కలదు. ఇట్టి చిత్రములు చూచినవారు, ‘క్యాన్సరు వచ్చినచో యువకులకు మరణమే గతి’ యని తలచుదురు. ఇది సత్యము కాదు. యువతలో వచ్చు థైరాయిడు క్యాన్సరులలో అధికభాగము శస్త్రచికిత్సచేతను, అవసరమైనచో రేడియోధార్మిక అయొడిన్ చేతను చక్కగా లొంగును. ఊపిరితిత్తులకు ప్రాకినప్పటికిని అనేకులు దీర్ఘకాలము జీవింతురు. మానీకి వచ్చిన ఎముక క్యాన్సరు ఎదుగు వయస్సున, విశేషముగా మోకాలి సమీపమున పుట్టును. వేరు అవయవములకు ప్రాకకముందే కనుగొని, మందులతోను శస్త్రచికిత్సతోను వైద్యము చేసినచో ముగ్గురిలో ఇద్దరు స్వస్థులగు అవకాశము కలదు. నేడు అనేకులకు కాలు తీయవలసిన అవసరమే కలుగుట లేదు.

కావున మెడపై గడ్డ కనిపించినను, మోకాలివద్ద నొప్పి వారములతరబడి తగ్గక రాత్రివేళ నిద్ర చెరచుచున్నను, ‘ఆటలో తగిలిన దెబ్బ’ యని ఉపేక్షింపరాదు. తైలములు మర్దించుచు, కట్లు కట్టించుచు కాలము గడుపరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. జంషెడ్పూరులో క్యాన్సరు చికిత్సకై మెహర్‌బాయి టాటా స్మారక ఆసుపత్రి కలదు. ఏ లేడీ మెహర్‌బాయి పేరిట అది వెలసినదో, ఆమె 1931లో రక్తపు క్యాన్సరుతో మరణించినది. నాడు ఆ వ్యాధికి చికిత్స దుర్లభము. నేడు చికిత్స కలదు; ఆలస్యమే శత్రువు.

వెంటబడుట ప్రేమ కాదు

మన చిత్రములలో తరచుగా కనిపించు ఘట్టమొకటి కలదు. నాయకుడు నాయికను చూచును, ఆమె కాదనును, అతడు విడువక కళాశాలకు, బస్సునకు, ఇంటికి వెంటబడును, మిత్రులు ప్రోత్సహింతురు, చివరకామె చిరునవ్వు నవ్వును. పాట ప్రారంభమగును. ‘అర్జున్ రెడ్డి’ (2017) అను తెలుగు చిత్రమున వైద్యవిద్యార్థియైన నాయకుడు క్రొత్తగా చేరిన విద్యార్థినిని తనదిగా కళాశాలయందరికి ప్రకటించును; ఆమె అభిప్రాయమడుగకయే ముద్దిడును. ఆ చిత్రమునకు పెద్దలకు మాత్రమేయని ‘ఏ’ ధ్రువపత్రము ఇయ్యబడినది. అయినను చేతిలో ఫోను గల బాలునకు నేడు తలుపులేదు, గడియలేదు.

తెరపై పొగత్రాగు దృశ్యము వచ్చినప్పుడు హెచ్చరిక చూపవలెనను నియమము 2012 అక్టోబరు 2వ తేదీనుండి అమలులో నున్నది. 2023 సెప్టెంబరు 1వ తేదీనుండి ఇంటర్నెట్టు ద్వారా ప్రదర్శించు చిత్రములకును అది వర్తించుచున్నది. కాని బాలికను వెంటాడు దృశ్యముక్రింద అట్టి హెచ్చరిక ఏదియు కనిపించదు. ఆ హెచ్చరికను తల్లిదండ్రులే పలుకవలెను.

వెంటాడబడు బాలిక ఏమి అనుభవించును? ఆమెకు గుండెదడ, నిద్రలేమి, తలనొప్పి కలుగును. దారి మార్చుకొనును. ఇంట చెప్పినచో చదువు మాన్పింతురను భయమున మౌనము వహించును. ఒకని అపరాధమునకు ఆమె చదువు బలియగును. 2013 నుండి వెంటాడుట మన దేశమున నేరము. నేడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద శిక్షార్హము. ‘కాదు’ అను మాటకు ‘కాదు’ అనియే అర్థము. మౌనమునకు ‘అవును’ అని అర్థము కాదు. బాలురకు ఈ సత్యము పదునెనిమిదేండ్లు నిండిన తరువాత గాక, మీసము మొలవకముందే చెప్పవలెను.

అల్పవయస్సున మాతృత్వము

విద్యార్థిదశలోనే తల్లిదండ్రులైన జంట కథను తేజ దర్శకత్వమున వచ్చిన ‘చిత్రం’ (2000) అను తెలుగు చిత్రము చెప్పినది. తెరపై నవ్వులతో గడచు కష్టము నిజజీవితమున శరీరముపై పడును. ఇరువది యేండ్లు నిండని తల్లులలో రక్తహీనత, రక్తపు పోటు, మూర్ఛలు, తక్కువ బరువుగల శిశుజననము అధికము. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20–24 వయస్సు గల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకముందే వివాహమైనవారు దేశమున నూటికి 23.3, జార్ఖండున నూటికి 32.2. పదునెనిమిదేండ్లలోపు బాలబాలికల ‘సమ్మతి’ని 2012 నాటి పోక్సో చట్టము సమ్మతిగా అంగీకరించదు. ఇది యువతకు ముందుగనే తెలిసియుండవలెను.

మరణము ప్రేమకు కొలమానము కాదు

‘మరో చరిత్ర’ (1978)లో నాయికానాయకు లిరువురును మరణింతురు. ‘గీతాంజలి’ (1989)లో ఇరువురును ప్రాణాంతక రోగపీడితులు. అయినను ఆ కథ ఉన్న దినములను ఆనందముగా గడుపుమని బోధించినది. ఈ భేదమును గమనింపవలెను. ప్రేమ విఫలమైనచో బ్రతుకు ముగిసినట్లే యను భావము యువమనస్సున నాటుకొనుట ప్రమాదకరము. మానసిక వ్యథ కూడ జ్వరమువలె చికిత్సకు లొంగునదే. ఎవరైనను నిద్రాహారములు మాని, ఏకాంతమున గడుపుచు, ‘నేను లేకున్న మేలు’ అని పలికినచో దానిని హాస్యముగా తలపరాదు. వారిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ‘టెలి మానస్’ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి, ఎవరితోనైనను మాటలాడవచ్చును.

ఇంట చేయవలసిన పని

నిషేధముచేత సినిమా ఆగదు. 2023 నాటి సవరణ చట్టము ‘యూఏ’ ధ్రువపత్రమును 7, 13, 16 సంవత్సరములని మూడు తరగతులుగా విభజించినది. చిత్రము చూచుటకు ముందు ఆ సంఖ్యను చూడవలెను. వీలైనచో పిల్లలతో కలిసి కూర్చుండి చూడవలెను. తరువాత ఉపన్యాసము చేయక, ప్రశ్నింపవలెను. ‘ఏమ్మా, ఆ అబ్బాయి అట్లు చేయి పట్టుకొన్నప్పుడు ఆ పిల్లకు ఎట్లుండి యుండును?’ అని తల్లి అడుగవచ్చును. ‘ఒరే నాన్నా, నీ చెల్లెలి వెంట ఎవడైన అట్లు తిరిగినచో నీవేమందువు?’ అని తాత అడుగవచ్చును. సమాధానము వచ్చువరకు ఓపికతో ఉండవలెను. పిల్లలు చెప్పినదానికి కోపగించినచో మరల చెప్పరు.

కౌమారవయస్కుల కొరకు 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము ప్రారంభింపబడినది. దీనిక్రింద ఆసుపత్రులలోను ఆరోగ్య కేంద్రములలోను ప్రత్యేక సలహా కేంద్రములు నడుపబడుచున్నవి. శరీరమును గూర్చిన సందేహములను అచ్చట సిగ్గుపడక అడుగవచ్చును.

గుర్తుంచుకొనవలసినవి

1. తెరపై కనిపించునదెల్ల అనుకరణీయము కాదు.
2. గౌరవము లేని చోట ప్రేమ లేదు.
3. పిల్లలను కొట్టుట శిక్షణ కాదు, అది హింస.
4. క్యాన్సరు అంటదు, త్వరగా కనుగొన్నచో అనేకులకు నయమగును.
5. బాలల సహాయమునకు 1098, స్త్రీల సహాయమునకు 181, మానసిక సహాయమునకు 14416, అత్యవసరమునకు 112.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీరు ఇటీవల చూచిన చిత్రమున నాయిక ‘కాదు’ అన్నప్పుడు నాయకుడు ఏమి చేసెను? మీరైన ఏమి చేయుదురు?
2. రోహన్‌కు పొరుగువారు గాని ఉపాధ్యాయులు గాని ఏ విధముగా తోడ్పడియుండవచ్చును?
3. మీ తరగతిలో దీర్ఘరోగముతో బాధపడు విద్యార్థి యున్నచో, రేపటినుండి మీరు చేయగల మేలు ఏది?