దసరాకు నీళ్ళు, సంక్రాంతికి చేపలు

ఉప్పునీటి అక్వేరియం కావాలని పిల్లలు పట్టుబట్టేది ఎక్కువగా వేసవి సెలవుల్లోనే. బడి ఉండదు, బయటకు పంపుదామంటే ఎండ, టీవీలో 'ఫైండింగ్ నీమో' మళ్ళీ వస్తుంటుంది. ఖమ్మం ఖానాపురం హవేలిలో ఉండే అమ్మానాన్నలకు నా మొదటి మాట ఇది: సరే అనండి, కానీ మే నెలలో మాత్రం మొదలుపెట్టకండి.

సముద్రపు చేపలకు నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే హాయి. మన ఖమ్మంలో మే మధ్యాహ్నాలు 44 దాటిన రోజులు ఎన్ని లేవు! నీటిని చల్లబరిచే చిల్లర్ కొనాలంటే దాని ధర చేపలన్నిటి ధరనూ మించిపోతుంది. నీటి మీదికి గాలి కొట్టేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. తర్వాతి ఏడాది ఎండాకాలాన్ని ఏసీ ఉన్న గదిలో, ఆ ఫ్యాను సాయంతో గట్టెక్కించవచ్చు. అప్పటికి మీ చేయి తిరిగి ఉంటుంది. కాబట్టి దసరా సెలవుల్లో నీళ్ళు పోయండి. చేపలు సంక్రాంతికి.

మధ్యలో అంత ఎడం ఎందుకని పిల్లవాడు అడుగుతాడు. అడగాలి కూడా. చేప విసర్జించే దాన్నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. నీళ్ళలో, రాళ్ళ మీద పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది; అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది; అది కొద్దిగా ఉన్నా చేప తట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది; ఆపై సంక్రాంతి దాకా మిగిలేది తొందరపడకుండా ఉండటానికి. అన్నాళ్ళూ చేప లేని టాంకులో చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు అమోనియా, నైట్రైట్ చూడాలి. సీసాలో చుక్కలు వేసి రంగు సరిచూసుకునే ఈ పని పదేళ్ళ పిల్లలు పెద్దల పక్కన కూర్చుని చక్కగా చేస్తారు. అంకెలు నోటుబుక్కులో వాళ్ళచేతే రాయించండి. అమోనియా పెరగడం, పడిపోవడం, ఆ తర్వాత నైట్రైట్ కూడా అలాగే సున్నాకు దిగడం వాళ్ళ చేతిరాతలోనే కనిపించాలి. నన్నడిగితే ఈ అక్వేరియంలో అన్నిటికన్నా విలువైనది ఆ చేప లేని నెలన్నరే. ఏడుపు చూడలేక రెండోరోజే చేపలు తెచ్చిపెడితే, వారం తిరక్కుండా చచ్చిన చేప గురించి ఏం చెప్పాలో తెలియక మీరే ఇబ్బంది పడతారు.

భీమవరం వైపు మీకు చుట్టాలెవరైనా రొయ్యల చెరువులు చేస్తుంటే ఒక ఆదివారం పిల్లవాణ్ణి తీసుకెళ్ళండి. వనామీ రొయ్యల రైతుకు అమోనియా గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఉప్పు ఎంతో చూపే రిఫ్రాక్టోమీటర్, మీ టాంకుకూ కావలసినదే, ఆయన చేతిలోనే ఉంటుంది. గాజు మీద ఒక్క చుక్క వేసి, కంటికి ఆనించి, వెలుతురు వైపు తిప్పి చూడటమే. పిల్లవాడికి అక్కడే అలవాటైపోతుంది.

మచిలీపట్నం దాకా వెళ్ళి మంగినపూడి నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్ళు తెద్దామనే నాన్నలుంటారు. ఉత్సాహం మంచిదే కానీ, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరి తీరం అది. ఒండ్రు, నది నీళ్ళ కలయిక అక్కడ సహజం. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు కొనండి. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే 60 లీటర్లకు రెండు కిలోల పైచిలుకు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం అందులో ఉండాల్సినంత ఉండవు. బోరు నీళ్ళూ వద్దు, ఆర్‌ఓ నీళ్ళే వాడండి. బజారులో దొరికే 20 లీటర్ల క్యాను తెచ్చుకుంటే మాత్రం అందులో కరిగిన లవణాలు ఎంతున్నాయో టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకోండి. ఉప్పు కలపడానికి ప్లాస్టిక్ బకెట్టు వాడాలి. రాగి బిందె, ఇత్తడి గంగాళం దగ్గరకు రానివ్వొద్దు, రాగి రొయ్యల్లాంటి జీవులను చంపేస్తుంది.

ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. మట్టం తగ్గినప్పుడు మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే రోజురోజుకీ ఉప్పు ముదురుతుంది. అద్దం మీద మార్కరుతో గీత గీయించి, రోజూ ఆ గీత దాకా ఉత్త ఆర్‌ఓ నీళ్ళు పోయించండి. వారానికోసారి పదో వంతు నీళ్ళు తీసి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళు పోయడం మాత్రం పెద్దల పని.

టాంకును టీవీ స్టాండు మీద పెట్టకండి. నీళ్ళు, రాళ్ళు కలిపి ఎనభై కిలోలకు పోతుంది. గట్టి ఇనుప స్టాండు, దాని మీద గ్రానైట్ పలక ఉంటే సరి (ఖమ్మంలో గ్రానైట్ ముక్కకు కరువా!). స్విచ్ బోర్డు నీటి కన్నా ఎత్తులో, పక్కకు ఉండాలి. తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, ఆ తర్వాత పైకి వెళ్ళాలి, అప్పుడే చుక్కలు బోర్డులోకి కాక నేల మీద పడతాయి. ఉప్పునీళ్ళలో కరెంటు బాగా పారుతుంది. చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపాలన్నది ఇంట్లో సడలింపు లేని నియమం కావాలి. దోమల స్ప్రే ఆ గదిలో కొట్టకండి, గాలి పంపు దాన్ని నేరుగా నీళ్ళలోకి లాగుతుంది.

కరెంటు పోతే? ఆనా థిన్ అనే ఆవిడ 1846లో ఇంగ్లండులోని టోర్కీ తీరం నుంచి పగడపు జీవులను లండన్ ఇంటికి తెచ్చుకుంది. పంపులు లేవు. తెరిచిన కిటికీ దగ్గర పనిమనిషి చేత ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి గంటకు కాస్త తక్కువ సేపు పోయిస్తూ గాలి ఆడేలా చేసేది. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఈనాటికీ అదే ఉపాయం: మగ్గుతో నీళ్ళు తీసి పై నుంచి పోయడం.

చేపలు రెండు చాలు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేప పిల్లలే కావాలని దుకాణంలో అడగండి. వీటిని తొట్టెల్లో పుట్టించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు తెలిసిందే. ఇవన్నీ మొదట మగవే, జంటలో పెద్దది ఆడదవుతుంది. పిల్లలు ఆ సంగతి వింటే వారం రోజులు ఇంకోటి మాట్లాడరు. సినిమాలోని నీలిరంగు డోరీని మాత్రం అడిగినా కొనకండి, అది పెరిగేకొద్దీ మీ టాంకు చాలదు. నిజం పగడమంటూ ఎవరైనా అమ్మజూపితే వద్దనండి: గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. కృత్రిమ రాయితోనే టాంకు అందంగా ఉంటుంది.

క్లౌన్ చేప పదేళ్ళకు పైగా బతకగలదు. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న మీ అమ్మాయి ఇంటర్‌కు విజయవాడో హైదరాబాదో హాస్టలుకు పోతుంది; టాంకు మీతోనే ఉంటుంది. కాబట్టి పిల్లల కోసమే కొంటున్నామనుకుంటే కొనకండి, మీకూ ఇష్టముంటేనే కొనండి. ఇష్టం లేదని చెప్పడంలో తప్పేం లేదు. మంచినీటి టాంకుతో ఒక ఏడాది గడిపి, అప్పుడు చూద్దామనడమూ న్యాయమైన జవాబే.

ఇక ఊరెళ్ళేటప్పుడు మేత డబ్బా పక్కింటికి ఇవ్వకండి. ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు. రోజుకు చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి, వాటి మీద తేదీలు రాసి ఇవ్వండి. అద్దం మీది గీత చూపించండి, ఆర్‌ఓ నీళ్ళ క్యాను పక్కనే పెట్టండి.