పొలం గట్ల మీద ఒక రోజు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నరసన్నపేటలో మేం కొంతమందిమి రోజూ పొద్దున్నే కలిసి నడుస్తాం. రిటైరైన మాస్టార్లు, గృహిణులు, ఒక బట్టల కొట్టాయన ఉన్నాం. ఈ కార్తీకంలో వనభోజనాలకు శ్రీముఖలింగం దాకా నడిచే వెళ్దామనుకుంటున్నాం. వీలవుతుందా?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. అయితే పేట నుంచే నడక మొదలుపెట్టకండి. ముఖలింగం ఇరవై కిలోమీటర్ల పైమాటే. రోజూ గంటసేపు నడిచేవాళ్ళు పంతం పట్టి చేరుకుంటారేమో గానీ, చేరాక గుడి చూసే ఓపిక మిగలదు. జలుమూరు దాకా బస్సులోనో ఆటోలోనో వెళ్ళి అక్కడ దిగండి. దాదాపు సగం దారి మిగులుతుంది. గంటకు మూడు కిలోమీటర్ల లెక్కన, మధ్యమధ్య కూర్చుంటూ నాలుగైదు గంటల నడక. తెల్లవారగానే బయల్దేరితే ఎండ ముదిరే వేళకు వంశధార ఒడ్డున ఉంటారు. తిరుగు ప్రయాణం బండి మీదే పెట్టుకోండి.

అక్కడ తొందరపడకండి. మధుకేశ్వరుణ్ణి దర్శించుకుని వెంటనే వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ. భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలూ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. సోమేశ్వరాలయం బయటి గోడల శిల్పాలకే ఒక గంట ఇవ్వాలి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ఊరేనని చరిత్రకారులు చెబుతారు. గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా ఆ దగ్గర్లోనిదే. ముఖలింగం గుడి శాసనాలు చదవడం కోసం పాత లిపులను ఆయన సొంతంగా నేర్చుకున్నారు. మీలో మాస్టార్లున్నారు కదా, ఆ కథ అక్కడే, ఆ శాసనాల ముందే చెప్పమనండి.

ఒక్క మాట. కార్తీకం కంటే మార్గశిరం మేలు. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీని మన జిల్లా మర్చిపోలేదు. పైగా వంశధార ఒడిశాలో పుట్టిన నది. ఇక్కడ చినుకు లేకపోయినా, ఎగువన వానపడి గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే నీళ్ళు ముంచుకొస్తాయి. ఇసుక తిన్నెలు కనబడుతున్నాయి కదా అని నది మధ్యకు వెళ్ళకండి.

ప్రశ్న: మా గుంపులో మగవాళ్ళు వడిగా నడిచిపోయి ముందెక్కడో చెట్టుకింద కూర్చుంటారు. మేం చేరేసరికి వాళ్ళు లేచి బయల్దేరుతారు. మాకు కూర్చునే వీలే ఉండదు. చెప్పాలంటే మొహమాటం.

జవాబు: మొహమాటపడకండమ్మా, వచ్చే నడకకు ముందే చెప్పండి. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందుండాలి. ఓపిక గలవాళ్ళు ఒకరు అందరికంటే వెనక నడవాలి. ఆగినచోట విశ్రాంతి సమయం ఆఖరి మనిషి కూర్చున్నాకే లెక్కలోకి రావాలి. ఈ పద్ధతికి ఒప్పుకోని గుంపుతో రోజంతా నడవొద్దని నా సలహా.

మీరు రాయనిది ఒకటి నేనే రాస్తాను. దారిలో మరుగు దొరకదని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. సాయంత్రానికి తలనొప్పి, ఒళ్ళునొప్పులు. దానికో బిళ్ళ. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకునే కొన్ని నొప్పి బిళ్ళలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బుల ఉద్దానం పక్కనే ఉంటున్న మనకు ఆ బాధ ఎలాంటిదో వేరే చెప్పాలా? నడక ఏర్పాటు చేసేవాళ్ళు ముందురోజే దారిలోని బడి పెద్దలతోనో పంచాయతీ వాళ్ళతోనో మాట్లాడి, ఆడవాళ్ళు ఎక్కడ ఆగవచ్చో ఖాయం చేసుకోవాలి. భోజనం మెనూ కంటే ముందు తేల్చాల్సింది అదే. తాగడానికి మంచినీళ్ళతో పాటు సీసాల్లో చోడి అంబలి, ఉప్పేసిన మజ్జిగ పట్టుకెళ్ళండి.

ప్రశ్న: గట్ల మీద పాముల భయం ఉంటుంది కదా. చెప్పులు చాలవా?

జవాబు: చాలవు. మడమ, చీలమండ కప్పే బూట్లే వేసుకోండి. రక్తపింజరి గడ్డిలో, గడ్డికుప్పల పక్కన కదలకుండా పడి ఉంటుంది. కాబట్టి కుప్పల మీద కూర్చోవద్దు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గుడ్డతో బిగించి కట్టడం ఏవీ చేయకండి. కాటుపడ్డ మనిషిని నడిపించకండి. కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. చీకట్లో పాము కనబడదు. డిసెంబరులో అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది కాబట్టి నాలుగున్నరకల్లా గట్లు దిగి రోడ్డెక్కేయాలి.

ప్రశ్న: జలుమూరు వైపు రైతును. వరి కోసేశాం కదా, పొలం ఖాళీయే అనుకుని జనం అడ్డంగా నడిచిపోతున్నారు. అడిగితే చిన్నబుచ్చుకుంటున్నారు.

జవాబు: మీరు అడగడంలో తప్పేమీ లేదు. పట్నం అలవాట్లున్నవాళ్ళకు తెలియదు గానీ, కోతకు కొద్దిరోజుల ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే, ఆ తేమలో మినుములు, పెసలు చల్లేస్తారు. కోసిన మోళ్ళ మధ్య రెండాకుల మొలకలు కనీకనపడకుండా ఉంటాయి. పదిమంది ఒకే వరసన నడిచి వెళ్తే ఆ బాటన కాయ కాయదు. నడిచేవాళ్ళు దయచేసి గట్టు వదలకండి. కొత్తగా మట్టివేసిన గట్టయితే దాన్నీ వదిలేసి బండిదారినే వెళ్ళండి. కళ్ళంలో నూర్పు జరుగుతుంటే దగ్గరగా వెళ్ళి, దారి ఎటో ఆ రైతునే అడగండి.