చిగురును కోసే ఎంజైమ్

హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ దిగి పళ్లు తోముకుంటుంటే ఉమ్ములో ఎర్రటి చార కనిపించిందా? తప్పంతా క్రిములదే అనుకుంటాం. సగమే నిజం. పాచిలోని బ్యాక్టీరియాను తరమడానికి వచ్చిన న్యూట్రోఫిల్ తెల్లకణాలు ఎంఎంపీ-8 అనే కొల్లాజినేజ్‌ను వదులుతాయి. జింక్ ఆధారంగా పనిచేసే ఈ ఎంజైమ్, మూడు పేటల తాడులాంటి కొల్లాజెన్‌ను ముప్పాతిక, పాతిక ముక్కలుగా కోస్తుంది. పంటిని పట్టి ఉంచే కణజాలం అలా సడలిపోతుంది. దొంగను పట్టబోయి ఇల్లు పీకినట్టే!

కొల్లాజినేజ్‌ను 1962లో గ్రాస్, లాపియేర్ తొలిసారి గుర్తించింది ఎక్కడో తెలుసా? తోకకప్ప తోకలో. పరీక్షకు మంచి బిట్టు. టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌లు ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయని 1983లో గోలబ్ బృందం చూపింది.

ఇక్కడ మనవాడి ప్రస్తావన తప్పదు. తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగంలో డగ్గర్ అనే శాస్త్రవేత్త దాన్ని కనుగొన్నాడు. ప్రకటించింది 1948లో, సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ 20 మిల్లీగ్రాముల మోతాదుకు చిగుళ్ల వ్యాధి చికిత్సలో అమెరికా ఆమోదం 1998లో దక్కింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరమూ అదేనని గుర్తుపెట్టుకోండి. ఈ మోతాదు క్రిములను చంపదు, ఎంజైమ్‌ను మాత్రమే నిలువరిస్తుంది. పరీక్షలో ప్రశ్నను తిప్పి అడిగేది ఇక్కడే.